అమ్మ ఉత్తరం అంటుంది, పాప లెఫ్ట్ అంటుంది: మాటను బట్టే చూపు మారుతుందా?

చెలకబిడ్డ
మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇప్పుడు ఉండేది హైదరాబాద్‌లో, ఏడో అంతస్తు. నెల కింద అమ్మను తెచ్చుకున్నాను. మొదటి రోజు అన్నం దగ్గర మా పాపతో "గిలాస జర ఉత్తరం దిక్కు జరుపు బిడ్డా, చెయ్యి తాకి పడ్తది" అంది. పాప గ్లాసు పట్టుకుని నా మొహం చూసింది. దానికి ఏడేళ్లు, చురుకైన పిల్లే. "నానమ్మా, లెఫ్టా రైటా?" అని అడిగింది. "ఎవరి లెఫ్టు? నీదా, నాదా?" అంది అమ్మ. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, అమ్మ అడిగింది న్యాయమే.

ఊళ్ళో మా ఇంట్లో అన్నీ అట్లనే. పడమటి అర, తూర్పు దర్వాజ, దక్షిణం గోడ మొల. కరెంటు పోయిన రాత్రి కూడా "ఉత్తరం మూలకు అగ్గిపెట్టె ఉంది" అంటే చెయ్యి తిన్నగా అక్కడికే పోయేది. ఇక్కడ లిఫ్టు ఎక్కి దిగేసరికి అమ్మకు దిక్కులన్నీ పోయాయి. ఉత్తరానికి తల పెట్టి పడుకోవద్దు కదా, ఎటు పెట్టాలో తెలియక రెండు రాత్రులు సరిగ్గా నిద్ర లేదు. మూడో రోజు తెల్లారకముందే లేచి బట్టలారేసే బాల్కనీలో నిలబడి, పొద్దు ఎటు పొడిచిందో చూసి వచ్చి మంచం తిప్పించింది. అప్పటి నుంచి కుదుటపడింది.

నేను అడిగేది ఏంటంటే, అమ్మ మాట్లాడే తీరు అట్లా ఉంది కాబట్టి బుర్రలో ఎప్పుడూ దిక్కులు తిరుగుతున్నాయా, లేక పొలం పని వల్ల దిక్కులు పట్టుబడి మాట అట్లా అయిందా? పాపను ఇంగ్లీష్ మీడియంలో వేసి మాటలే కాదు, చూపు కూడా మార్చేశామేమో అని మనసులో పీకుతూ ఉంది.

కల్వకుర్తి_సార్
మీ అమ్మగారి లాంటి వాళ్ళు ఆస్ట్రేలియాలో ఉన్నారు. ఈశాన్య కొసన హోప్ వేల్ అనే ఊరి దగ్గర గూగు యిమిథిర్ అని ఒక భాష. అందులో చోటు చెప్పడానికి కుడి ఎడమలు వాడరు, అంతా దిక్కులే. స్టీఫెన్ లెవిన్సన్ అనే ఆయన వాళ్ళ మధ్య ఉండి చూశాడు. దిక్కుల భాషలు, కుడి ఎడమల భాషలు మాట్లాడేవాళ్ళకు ఆయన బృందం ఒక పరీక్ష పెట్టింది. బల్ల మీద వరసగా కొన్ని బొమ్మలు పెడతారు. వరస గుర్తు పెట్టుకోమని, మనిషిని వెనక్కి తిప్పి, ఇంకో బల్ల మీద అదే వరస పేర్చమంటారు. డచ్చి భాష వాళ్ళు తమ ఎడమ నుంచి కుడికి ఎట్లుందో అట్లా పేర్చారు. దిక్కుల భాష వాళ్ళలో ఎక్కువ మంది ఉత్తరం వైపున్నది ఉత్తరానికే పెట్టారు, అంటే మన కంటికి వరస తిరగబడినట్టు కనిపిస్తుంది.

ఇంట్లోనే చేసి చూడండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, నిమ్మకాయ చాలు.

మూసీగట్టు
సార్, కంగారూ అనే మాట ఆ భాషదే కదా? 1770లో కెప్టెన్ కుక్ ఓడ అక్కడ ఆగినప్పుడు రాసుకున్నదని చదివాను.

కల్వకుర్తి_సార్
అవును, ఆ భాషదే. "నాకు తెలియదు" అని అర్థం అనే కథ మాత్రం ఉత్తదే. అది ఒక రకం కంగారూ పేరు.

తర్కం_తమ్ముడు
నేను ఒప్పుకోను. చెలకబిడ్డ అన్నా, మీరూ ఆ ఇంట్లోనే ఆ మాటలే వింటూ పెరిగారు. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఉత్తరం ఎటో చెప్పగలరా? భాష అదే, మనిషి మారాడు. అంటే కారణం పని. పొద్దు చూసి లేచి, గాలి చూసి కల్లంలో ధాన్యం తూర్పారబట్టే మనిషికి దిక్కు కావాలి. ఆఫీసులో కూర్చునే మనిషికి అక్కర లేదు. తాపీమేస్త్రిని అడగండి, ఆయన తెలుగు మాట్లాడినా బెంగాలీ మాట్లాడినా ఈశాన్యం ఎటో ఇట్టే చెప్తాడు.

భాషే బుర్రను పోత పోస్తుంది అనేది పాత వాదం, దెబ్బ తిని చాలా కాలమైంది. బెంజమిన్ లీ వోర్ఫ్ అనే ఆయన అమెరికాలో హోపీ తెగ వాళ్ళ భాషలో కాలానికి మాటలే లేవు, కాబట్టి వాళ్ళు కాలాన్ని మనలా ఊహించరు అన్నాడు. 1983లో మలోట్కీ అనే ఆయన ఆ భాష లోపలికి పోయి, కాలం చెప్పే మాటలు, కాలం చూపించే క్రియలు ఎన్ని ఉన్నాయో ఒక పెద్ద పుస్తకం నిండా చూపించాడు.

అచ్చంపేట_ఆకు
తూర్పారబట్టడం! ఆ మాటలో తూర్పు వినిపిస్తోంది, ఇన్నేళ్ళు గమనించనే లేదు.

చెలకబిడ్డ
తమ్ముడూ, మీరు అడిగారని కళ్ళు మూసుకుని ప్రయత్నించాను. ఊరికి పోతే చెప్పగలను. ఇక్కడ చెప్పలేకపోయాను.

పాలమూరు_బాబా
మా ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు. ఉర్దూలో నిన్నకూ రేపటికీ ఒకటే మాట, కల్. మొన్నకూ ఎల్లుండికీ ఒకటే, పర్సోఁ. అంటే మాకు నిన్న ఏదో రేపు ఏదో తెలియదా? మా నాన్న కిరాణా కొట్టు నడిపారు, అప్పు తీసుకున్నది ఏ కల్, ఇస్తానన్నది ఏ కల్ అని ఏనాడూ పొరబడలేదు. పక్కన క్రియ ఉంటుంది కదా, అది చెప్పేస్తుంది. ఈ విషయంలో తర్కం తమ్ముడిదే కరెక్టు.

మూసీగట్టు
బాబా భాయ్, అప్పు తీసుకున్నవాడికి మాత్రం ఆ కల్ ఎన్నటికీ రాదు 😄

కల్వకుర్తి_సార్
బాబా చెప్పింది గట్టి పాయింటు. ఒక మాట లేకపోతే ఆ ఆలోచనే పుట్టదు అనడం తప్పు. రోమన్ జాకబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త 1959లో దీన్ని వేరే తీరుగా చెప్పాడు. ఏ భాషలోనైనా ఏదైనా చెప్పవచ్చు, కానీ ఒక్కో భాష కొన్ని సంగతులు తప్పకుండా చెప్పి తీరాలంటుంది, భాషల మధ్య తేడా అక్కడ ఉంది అని. తెలుగులో మనం అనాలా మేము అనాలా తేల్చుకోకుండా నోరు తెరవలేం. ఎదుటి మనిషి లోపలా బయటా అన్నది నాలుక మీదికి రాకముందే లెక్క తేలిపోవాలి. ఇంగ్లీషులో ఆ లెక్క అవసరమే లేదు, రెంటికీ ఒకటే మాట.

మునుగోడు_కోడలు
సార్, ఇది మా ఇంట్లో జరిగింది. అమెరికాలో పుట్టిన మా మేనల్లుడు సెలవులకు వచ్చి "అత్తా, రేపు మనం సాగర్ పోతున్నాం" అన్నాడు. నేను పొద్దున్నే లేచి పులిహోర కలిపి, చీర కట్టుకుని కూర్చున్నాను. వాడూ వాడి ఫ్రెండ్సూ బండెక్కి పోయారు. మేము అనాల్సిన చోట మనం అన్నాడు పిల్లాడు. పులిహోర ఇంటిల్లిపాదీ రెండు పూటలు తిన్నాం.

వనపర్తి_వెన్నెల
నాకు చిన్నప్పటి నుంచి గుచ్చుకునే సంగతి ఒకటుంది. అవ్వ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. తాత ఒక్కడే వచ్చిండు. ఆడమనిషి, పశువు, వస్తువు అంతా ఒక గాటన, మగవాడు వేరు. మా అత్తమ్మ మామను "వచ్చిండ్రు" అంటుంది, మామ అత్తమ్మను "వచ్చింది" అంటాడు. రోజుకు వందసార్లు ఇట్లా విని పెరిగిన పిల్లకు లోపల ఏమీ పడదంటారా?

తర్కం_తమ్ముడు
అక్కా, మీ బాధ కాదనను. కానీ తుర్కీలో, ఫార్సీలో అతను ఆమె అనే తేడానే లేదు, రెంటికీ ఒకటే మాట. మరి అక్కడ ఆడవాళ్ళకు సమానంగా నడిచిందా? వ్యాకరణం చూసి సమాజాన్ని చెప్పలేం. ఇంకోటి, బహువచనంలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి "వచ్చిండ్రు", ఆవులు, బస్సులు "వచ్చినయి". అంటే అదే తెలుగు పదిమంది ఆడవాళ్ళు కలిస్తే మనుషుల్లోనే లెక్కిస్తుంది.

వనపర్తి_వెన్నెల
పదిమంది కలిస్తేనే మనిషి అన్నమాట. తమ్ముడూ, మీరు నా మాటనే బలపరిచారు.

గద్వాల_మగ్గం
మా పని రంగులతో. బజార్లో పచ్చ అంటారు. పచ్చ అంటే ఏది? పచ్చకామెర్లలో పసుపు, పచ్చగడ్డిలో ఆకు రంగు, రెంటికీ పచ్చే. మగ్గం దగ్గర అట్లా కుదరదు. చిలకపచ్చ వేరు, మామిడాకు పచ్చ వేరు, మెంతి రంగు వేరు. నెమలికంఠం, బచ్చలిపండు, వంకాయ రంగు. మా దగ్గరికి పని నేర్చుకోవడానికి ఒక పిల్లాడు వచ్చాడు. మొదటి వారం చిలకపచ్చ కండె ఇమ్మంటే మామిడాకు పచ్చ ఇచ్చేవాడు. రెండు కండెలు చేతిలో పెట్టి, చిలక అని, మామిడాకు అని, పేర్లు పెట్టి చూపించాను. తర్వాత ఒక్క రోజు తప్పు చేయలేదు. "ముందు కూడా రెండూ వేరేగనే కనపడ్డయి, కానీ వేరు అని అనిపించలేదు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

కల్వకుర్తి_సార్
ఆ పిల్లాడు చెప్పినదే రష్యా వాళ్ళ మీద చేసిన ఒక ప్రయోగంలో తేలింది. రష్యన్‌లో లేత నీలానికి, ముదురు నీలానికి రెండు వేరే మాటలు, గొలుబోయ్, సీనీ. మనం నీలం అని ఒక్కటే అన్నట్టు వాళ్ళు అనలేరు. 2007లో వచ్చిన ప్రయోగం అది. రెండు నీలాలు చూపించి వేరు చేయమంటే, అవి ఆ రెండు పేర్ల గీతకు అటొకటి ఇటొకటి ఉన్నప్పుడు రష్యన్లు కొంచెం వేగంగా చెప్పారు. తేడా సెకనులో పదో వంతు ఉంటుందేమో. అదే సమయంలో మనసులో అంకెలు వల్లె వేయిస్తే ఆ వేగం పోయింది. అంటే కన్ను చూస్తున్నప్పుడు లోపల మాట కూడా పక్కన కూర్చుని సాయం చేస్తోంది. ఇంగ్లీషు వాళ్ళకూ రెండు రంగులు కనిపిస్తాయి, కనపడకపోవడం అనేది లేదు.

తర్కం_తమ్ముడు
సెకనులో పదో వంతు. దాన్ని పట్టుకుని బుర్ర మారిపోయింది అంటే ఎట్లా సార్? మగ్గం అన్న చెప్పింది మాత్రం నాకు నచ్చింది.

నర్సమ్మ_మిర్యాలగూడ
పదేళ్ళుగా వార్డులో పనిచేస్తున్నాను. నొప్పి ఎంత ఉంది, పదికి ఎన్ని మార్కులు అని అడగమంటారు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మార్కులు చెప్పలేరు, కానీ మన వాళ్ళ దగ్గర నొప్పికి ఉన్న మాటలు ఏ ఫారంలోనూ పట్టవు. పోటు, సలుపు, మంట, గుంజుడు, తీపులు, తిమ్మిరి. ఒక అవ్వకు కాలు వాచింది. కొత్తగా వచ్చిన డాక్టర్ పదికి ఎంత అంటే "ఏమో సారు" అంది, ఆయన మామూలు బెణుకు అని రాయబోయాడు. నేను "అవ్వా, గుంజుతుందా సలుపుతుందా" అన్నాను. "సలుపుతుంది బిడ్డా, రాత్రంతా లోపల గుండె కొట్టుకున్నట్టు" అంది. సలుపు అంటే చీము పడుతోందేమో చూడాలి కదా. చూశారు, చీమే. ఆ డాక్టర్‌కు తెలుగు వచ్చు, మంచివాడు కూడా, ఆ మాట మాత్రం ఆయన పెరిగిన ఇంట్లో లేదు.

అచ్చంపేట_ఆకు
అక్కా, మనసు నొప్పికి కూడా అంతే. మా నాయనమ్మ రంది అనేది. కొడుకు పట్నం పోయి ఉత్తరం రాయకపోతే పట్టుకునేది రంది. భయం కాదు, కోపం కాదు, ఏడుపు కూడా కాదు, లోపల మెల్లగా తినేది. గుబులు వేరు, పరేషాన్ వేరు, ఫికర్ వేరు. ఇప్పుడు అన్నిటికీ టెన్షన్ అంటున్నాం. పరీక్షకూ టెన్షనే, నాన్న ఐసీయూలో ఉన్నా టెన్షనే. నాకు మా అమ్మ పోయాక ఆరు నెలలు ఏమైందో నాకే అర్థం కాలేదు. టెన్షన్ తగ్గడానికి మాత్రలు కూడా వాడాను. ఒక రోజు మేనత్త వచ్చి చూసి "రంది పెట్టుకున్నవు బిడ్డా" అంది. ఆ మాట విన్నాకే ఏడవగలిగాను.

గుంపుమేస్త్రి
సెంట్రింగు పని మీద దేశమంతా తిరిగాను, చదువు తక్కువ. పేపర్లో మా గురించి వలస అని రాస్తారు. బయట పాలమూరు లేబర్ అంటారు. మా ఊళ్ళో మాత్రం బతకపోయిండు అంటారు. ఆ మాట వింటూ పెరిగిన వాడిని కాబట్టి నాకు అది కష్టంలా ఎప్పుడూ అనిపించలేదు, బతకడానికి పోవడం, అంతే. అడ్వాన్సు తీసుకున్న వాళ్ళు ఏడాదంతా పని చేసినా అప్పు తీరకపోవడం, చంటిపిల్లలు ఇసుక కుప్ప మీద పడుకోవడం, ఇవన్నీ బతకపోవడంలో భాగమే అనుకున్నాం. నా కొడుకు డిగ్రీ చదివాడు. వాడు వెట్టి అన్నాడు ఒక రోజు. కొట్టినంత పని చేశాను. తర్వాత ఆలోచిస్తే వాడి మాటలో నేను పడ్డదంతా కనపడింది.

తర్కం_తమ్ముడు
అన్నా, మీ పోస్టు మూడుసార్లు చదివాను. దీనికి నా దగ్గర వాదం లేదు.

మునుగోడు_కోడలు
మేస్త్రి అన్న రాసింది చూశాక నాకూ చెప్పాలనిపించింది. నా పుట్టిల్లు మర్రిగూడ వైపు. చిన్నప్పుడు ఊళ్ళో రెండు బోర్లు. ఒకటి చౌట నీళ్ళు, బట్టలకూ గొడ్లకూ. రెండోది మంచినీళ్ళ బోరు. నాలుకకు తియ్యగా ఉండేవి, పప్పు ఇట్టే ఉడికేది. బిందె నిండాక పైన చెయ్యి పెట్టి ఒక గుక్క తాగడం నాకు ఇంకా గుర్తే. ఎంత ఎండలో వచ్చిన చుట్టమైనా అవే ఇచ్చేవాళ్ళం.

ఆ బోరులోనే ఫ్లోరైడ్. నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం, దానికి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. తర్వాత తెలుసుకున్నది ఇంకోటి ఉంది. కాల్షియం తక్కువగా ఉండి పప్పు బాగా ఉడికే నీళ్ళలోనే చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటుందట. నాలుక మంచివి అంది, కుండ మంచివి అంది, మాట సరేసరి, మంచినీళ్ళు అనే పేరే పెట్టింది. మా తమ్ముడి కాళ్ళు వంకర పోయాయి. తాత మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పేవాడు. అందరి పళ్ళూ గారపళ్ళే, అది ఊరి లక్షణం అనుకున్నాం. పంచాయతీ వాళ్ళు వచ్చి బోరు మీద తాగరాదు అని రాసిపోయినా నానమ్మ ఒప్పుకోలేదు. "మంచినీళ్ళు తాగొద్దంటే మరి ఏం తాగాలె?" అంది. ఆ వాక్యం చూడండి, దానికి ఎదురు చెప్పడం ఎట్లా?

కల్వకుర్తి_సార్
అమ్మా, మీరు రాసినది చదివి కాసేపు ఏమీ తోచలేదు. తర్కం తమ్ముడు మొదట్లో చెప్పిన ఆ వోర్ఫ్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఉద్యోగం అగ్నిప్రమాదాల బీమా కంపెనీలో. ప్రమాదాలు ఎందుకు జరిగాయో రిపోర్టులు చూడటం పని. పెట్రోలు నిండిన డ్రమ్ముల దగ్గర జాగ్రత్తగా ఉండే మనుషులు, ఖాళీ డ్రమ్ముల దగ్గర మాత్రం బీడీ సిగరెట్టు కాల్చి పడేసేవారట. నిజానికి ఖాళీ డ్రమ్ములో ఆవిరి ఉంటుంది, అదే ఎక్కువ ప్రమాదం. ఖాళీ అనే మాటే భయం లేకుండా చేసింది అని ఆయన రాశాడు. హోపీ విషయంలో పొరపాటు పడ్డాడు గానీ ఈ డ్రమ్ము విషయంలో కాదు. మీ మంచినీళ్ళ బోరు, ఆ ఖాళీ డ్రమ్ము ఒక్కటే.

తర్కం_తమ్ముడు
ఒప్పుకుంటున్నాను సార్, కానీ సగమే. ఇప్పుడు కృష్ణా నీళ్ళు నల్లాలో వస్తున్నాయి, వాటినీ మంచినీళ్ళే అంటున్నాం. మాట మారలేదు, తెలివి మారింది. పరీక్ష చేసి చూపించాక, పిల్లల కాళ్ళు చూశాక మారింది. మాట మనల్ని మత్తులో పెడుతుంది, లేపలేని మత్తు కాదు. ఆలోచనకు భాష తప్పనిసరి కాదని కూడా ఆధారాలున్నాయి. పక్షవాతం వచ్చి మాట పూర్తిగా పోయిన వాళ్ళలో కొందరు లెక్కలు చేస్తారు, చదరంగం ఆడతారు. 2024లో ఫెదొరెంకో అనే ఆమె ఇంకో ఇద్దరితో కలిసి నేచర్ పత్రికలో రాసింది ఇదే, భాష ముఖ్యంగా ఒకరికొకరు చెప్పుకోవడానికి, ఆలోచించడానికి కాదని.

నర్సమ్మ_మిర్యాలగూడ
తమ్ముడూ, పక్షవాతం వచ్చిన వాళ్ళను రోజూ చూస్తాను, వాళ్ళకు అన్నీ తెలుస్తాయి, అది నిజం. కానీ ఆలోచన ఒక్క మనిషి బుర్రలోనే ఉంటుందా? ఆ అవ్వకు తన కాలు తెలుసు. డాక్టర్‌కు చేరాలంటే సలుపు అనే మాట కావాల్సి వచ్చింది.

మూసీగట్టు
చెలకబిడ్డ అన్నా, ఉల్లిగడ్డ పరీక్ష ఏమైంది?

చెలకబిడ్డ
చేశాను. హాల్లో డైనింగ్ టేబుల్ మీద ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, నిమ్మకాయ, తూర్పు నుంచి పడమరకు వరసగా. వెనక్కి తిరిగితే టీపాయ్. ముందు పాప. ఒక్క క్షణం ఆలోచించకుండా ఎడమ నుంచి కుడికి అదే వరస పెట్టింది. తర్వాత అమ్మ. వెనక్కి తిరిగి, ఉల్లిగడ్డ చేతిలో పట్టుకుని బాల్కనీ వైపు ఒకసారి చూసి, తూర్పుకు పెట్టింది. పాప పెట్టిన దానికి సరిగ్గా తిరగేసి. "నానమ్మా రాంగ్!" అని పాప. "పొద్దు ఎటు పొడుస్తదో చూడు, ఉల్లిగడ్డ అటే ఉండె" అని అమ్మ.

నన్నూ చేయమన్నారు. నేను ఎడమ నుంచి కుడికే పెట్టాను. పెట్టాక చూసుకుంటే పాపది, నాది ఒకటే. అమ్మ ఏమీ అనలేదు. నాకే ఎందుకో చాలాసేపు ఉల్లిగడ్డ మీది నుంచి చూపు తిప్పుకోవాలనిపించలేదు. ఇరవై ఏళ్ళు అదే ఇంట్లో, అవే మాటల్లో పెరిగాను.

ఇంకొకటి చెప్పాలి. కిటికీ లేని స్టోర్ రూంలో రెండోసారి చేస్తే అమ్మ తలుపు దగ్గరికి పోయి చూసి వచ్చి పెట్టింది. అంటే ఆమెకు కూడా దిక్కు ఊరికే రాదు, వెతుక్కుంటుంది. వెతుక్కోవాలని ఆమెకు తోస్తుంది, మాకు తోచదు.

తర్కం_తమ్ముడు
ఒక్క ఇంట్లో చేసింది సరిపోదు అన్నా. నేను చెప్పినట్టు పని వల్లే అయితే తాపీ పనివాళ్ళు ఏ భాషైనా మీ అమ్మలా పెట్టాలి. భాష వల్లే అయితే తేడా కనపడాలి. మేస్త్రి అన్నా, మీ సైటులో వేరే భాషల వాళ్ళు ఉన్నారా?

గుంపుమేస్త్రి
ఉన్నారు తమ్మీ. ఒరిస్సా వాళ్ళు ఎనిమిది మంది, బీహార్ వాళ్ళు ఐదుగురు, మన అచ్చంపేట వైపు వాళ్ళు నలుగురు. పొద్దున చాయ్ టైంలో చేస్తాను. ఉల్లిగడ్డలు దొరకవు, ఇటుక ముక్క, మేకు, సుత్తె పెడతా. ఒకరు పెట్టేది ఇంకొకరు చూడకుండా ఒక్కొక్కళ్ళనే పిలవాలి కదా సార్?

కల్వకుర్తి_సార్
అవును, ఒక్కొక్కళ్ళనే. దిక్కు అనే మాట మాత్రం మీ నోట రానివ్వకండి.